ఛార్జిగారి సస్పెన్షన్

అంబారుపేట డిపోలో కరెంటు బస్సు ప్రారంభోత్సవం నాడు ఎండీగారు అడిగింది రెండే మాటలు. వేదిక మీద, మైకు ముందు, తల కొంచెం పక్కకి వంచి "ఛార్జి ఎంత?" అన్నారు. ఎవర్ని అడిగారో ఎవరికీ తెలియదు. కానీ మైకు పక్షపాతం ఎరగదు. అందరికీ వినిపించింది. సంస్థలో పై అధికారి ఎవర్ని అడిగినా లేచి నిలబడవలసింది అందరూ. అందరూ లేచారు.

"తొగరులంకకి పద్దెనిమిది సార్, ఆర్డినరీ," అన్నాడు ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు.

"నలభై శాతం సార్, సాయంత్రానికి ఫుల్లవుద్ది," అన్నాడు కరెంటు బస్సు పక్కన నిలబడ్డ ఎలక్ట్రీషియను.

"ఇరవై మూడు సార్, అన్నీ విచారణలో ఉన్నాయి," అన్నాడు కండక్టర్ల తప్పులు చూసే గుమాస్తా.

"బరువుని బట్టి సార్," అన్నాడు పార్సిల్ కౌంటరతను.

"పూర్తి అదనం సార్," అన్నారు డిపో మేనేజరు పేరిచర్ల రామభద్రరాజుగారు. ఆయన అసలు పోస్టు పక్క డిపోలో. ఇక్కడ ఏళ్ళ తరబడి ఇన్‌ఛార్జి.

బందోబస్తుకి వచ్చిన ఎస్సై కూడా మడమలు కలిపి, "ఇంకా ఆర్డరు రాలేదు సార్. మీరు ఊఁ అంటే మొదలెడతాం," అని లాఠీ సర్దుకున్నాడు.

సభలో మొదటి రెండు వరసలూ లేచి మూడో వరస వెనక్కి వెళ్ళిపోయాయి. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. కిసుక్కు కాస్తా పకపక అయింది. రాజధాని నించి వచ్చిన పెద్దమనుషులు, బస్సు అమ్మిన కంపెనీవాళ్ళు, పత్రికలవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఎండీగారి ముఖం కందగడ్డ అయింది. ఒక్క ప్రశ్నకి ఆరు జవాబులు, ఆరూ నిజాలే. అధికారికి ఇంతకంటే అవమానం ఉండదు. అబద్ధమైతే కనీసం ఎవర్నో ఒకర్ని కేకలెయ్యొచ్చు.

ఆ జనంలో నవ్వనిది ఒక్క కుడుపూడి మంగతాయారు. ఎంచేతంటే ఆ ఇరవై మూడింట్లో ఒకటి ఆవిడది.

తాయారు తొగరులంక బస్సుకి కండక్టరు. గోదావరి పాయల మధ్య ఉన్న ఆ లంకకి అదొక్కటే బస్సు. పొద్దున్నే ఊరిని పట్నానికి తెస్తుంది, సాయంత్రం పట్నాన్ని ఊళ్ళో దింపుతుంది. ఆ బస్సుకొక ఆనవాయితీ ఉంది. ఎంత దూరాన గట్టు మీద ఎవరు తువ్వాలు ఊపినా ఆగాలి. ఊపినవాళ్ళు పరిగెత్తకూడదు, నడిచే రావాలి. పరిగెత్తితే తాయారు తిడుతుంది. "పడి కాలిరగ్గొట్టుకుంటే ఆస్పత్రికి మళ్ళీ నా బస్సేగా ఎక్కేది, మెల్లిగా తగలడండి," అంటుంది.

ఓరోజు మాణిక్యమ్మ అనే ముసలావిడ ఎక్కుతుంటే ఒక కాలి చెప్పు మెట్టు మీంచి జారి కిందపడింది. లాకుల దాకా వచ్చాక గాని చూసుకోలేదు. "ఒక్క చెప్పుతో నేనేం జేసుకోనే తాయారూ? ఆ దొరికినోడు మాత్రం ఏం జేసుకుంటాడే?" అంది. ఆ వాదనలో న్యాయం ఉంది, రెండు కాళ్ళున్న ఎవరికైనా అర్థమవుతుంది. తాయారు విజిలు వేసింది. డ్రైవరు అబ్బులు బస్సుని లాకుల నించి ఊరి మొగదాకా వెనక్కి నడిపించాడు. సరిగ్గా అప్పుడే వెనక తనిఖీ జీపు వస్తోంది. పారిపోయే బస్సుల్ని తరమడమే తప్ప మీదికొచ్చే బస్సుని ఎన్నడూ చూడని ఆ జీపు, హడలిపోయి పంటకాలవలోకి దిగిపోయింది.

"ఒక చెప్పు నిమిత్తము సంస్థ వాహనమును, తద్వారా సంస్థ గౌరవమును, వెనుకకు నడిపించుట" అని తాయారు మీద ఛార్జిషీటు పడింది. ఆవిణ్ణి సస్పెండు చేశారు. డ్రైవరు విజిలుకి బద్ధుడు కనక అబ్బుల్ని వదిలేశారు. రోజుకొక పొరుగు కండక్టరు ఆ బస్సెక్కుతున్నాడు. కొత్తవాడు తువ్వాలు చూసి ఆగడు, గట్టు మీద జనం తువ్వాళ్ళు దులుపుకుని ఇంటికెళ్ళిపోతున్నారు. వచ్చే నెల ఒకటో తారీఖు లోపల సొంత కండక్టరు లేకపోతే ఆ బస్సుని రద్దు చేస్తామని నోటీసు కూడా అంటించారు. అంటే తాయారు ఉద్యోగమూ, లంక బస్సూ ఒకే తాడుకి కట్టిన రెండు మేకలు. ఒకటి పడితే రెండోది కూడా నూతిలోకే.

ఆ సస్పెన్షను ఎత్తెయ్యమన్న అర్జీయే చేత్తో పట్టుకుని ఆ రోజు సభకి వచ్చింది తాయారు. నవ్వుల్లో ఎండీగారు కారెక్కి వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళిన వెనకే వచ్చింది సర్క్యులరు. దాని పేరు "ఏకపద ఏకార్థ విధానము." సారాంశం ఇది: సంస్థలో ఒక మనిషికి ఒకే పోస్టు అన్నది నియమం. మనిషికున్న నియమం మాటకి మాత్రం ఎందుకుండదు? ఒక్కొక్క మాట అనుమతి లేకుండా అయిదేసి, ఆరేసి అర్థాల్లో కొలువు చేస్తూ, తక్కిన మాటలకి ఉద్యోగం లేకుండా చేస్తోంది. ఇకమీదట ఒక మాటకి ఒకటే అర్థం. మిగిలినదంతా అనర్థం. మొదటి దశగా "ఛార్జి" అను పదమును ఎన్నుకోవడమైనది.

ఇది ఇంకో డిపోలో పడుంటే ఫైల్లో పడుకునేది. అంబారుపేటలో ఆకొండి నరహరిగారున్నారు. ఆయన ఎస్టాబ్లిష్‌మెంటు సూపరింటెండెంటు. జీవితమంతా మనుషుల్ని కాగితాల కింద చూసిన మనిషి, ఇప్పుడొక కాగితం మీద మాటని మనిషి కింద చూశారు. అందులో ఆయన తప్పేమీ లేదు. ఆయన దగ్గరికి ఏది వచ్చినా ముందు సర్వీసు రిజిస్టరు తెరవడం అలవాటు. "ఛార్జి"కి కూడా తెరిచారు. పుట్టిన తేదీ: తెలియదు. స్వస్థలం: ఇంగ్లండు. ఈ సంస్థలో చేరిన ఉత్తర్వు: దొరకలేదు. పుట్టుమచ్చలు: స్పెల్లింగులో చివర ఒక అక్షరం పలకదు.

"నియామకపు ఉత్తర్వే లేకుండా ఇన్నేళ్ళు ఆరు సీట్లలో పనిచేసిందండి," అన్నారు నరహరిగారు, రాజుగారి ముందు నిలబడి. "ఇలాంటి కేసులో నియమం స్పష్టంగా ఉంది. విచారణ పూర్తయ్యేదాకా సస్పెన్షను."

"మాటనా?"

"మాటే కదండి ముందు తప్పేది."

రాజుగారు సంతకం పెట్టారు. ఆయన ఏ కాగితం మీదైనా సంతకం పెడతారు. ఇన్‌ఛార్జికి చదివే బాధ్యత ఉండదని ఆయన నమ్మకం.

మర్నాడు తాయారు హాజరు వెయ్యడానికి వచ్చింది. సస్పెన్షన్లో ఉన్నవాళ్ళు రోజూ డిపోకొచ్చి, ఏ పనీ చెయ్యకుండా, ఏ పనీ చెయ్యలేదని సంతకం పెట్టాలి.

"నరహరిగారండి, నా ఛార్జిషీటు ఎందాకా వచ్చిందండి?"

నరహరిగారు అటూ ఇటూ చూసి నోటి మీద వేలేసుకున్నారు. "ఆ పేరెత్తకమ్మా. ఆయన సస్పెన్షన్లో ఉన్నారు."

"ఎవరండీ?"

"ఛార్జిగారు."

"నేనూ సస్పెన్షనే కదండీ. ఇద్దరం ఒక పడవలోవాళ్ళమే."

"అందుకేనమ్మా మీరిద్దరూ కలవకూడదు. ఆ మాట నీ నోట్లో కనపడిందంటే సాక్షుల్ని తారుమారు చేస్తున్నారని రాయాల్సొస్తుంది." ఇంకో కాగితం తీశారు. "పైగా సస్పెన్షన్లో ఉన్నవాళ్ళు హెడ్‌క్వార్టరు దాటకూడదు. ఛార్జిగారి హెడ్‌క్వార్టరు మన డిపోగా ఖరారైంది. గేటు బయట ఎవరూ ఆయన్ని నోట పట్టుకుని తిరగడానికి లేదు."

ఆ ముక్క గేటు దగ్గర బోర్డు మీద రాశారు. ఆ రోజు నించి అంబారుపేట బస్సుల్లో జాతర. ఎక్కినవాడు "ఛార్జెంతమ్మా" అంటే కండక్టరు చెవులు మూసుకోవడం, వేళ్ళు చూపించడం, ఆ వేళ్ళకి ప్రయాణికుడు వేరే అర్థం తీసి కొట్లాటకి దిగడం. మాటని సస్పెండు చేస్తే సంస్థకి మాట పడిపోయినట్టయింది. పక్షవాతం వచ్చినవాడికి కనీసం కాళ్ళూ చేతులూ కట్టేసి ఉంటాయి, వీళ్ళకి ఊరంతా తిరిగే బస్సులున్నాయి.

విచారణకి విశ్వవిద్యాలయం నించి ఒక ప్రొఫెసరుగారిని పిలిపించారు. డాక్టరు కొలిశెట్టి విశ్వమోహన్. భాషాశాస్త్రం ఆయన వృత్తి. బక్కపల్చటి మనిషి, మాటలంటే ప్రాణం. డిపోలో తన సబ్జెక్టు వినడానికి ఇంతమంది కూర్చోవడం చూసి కళ్ళు చెమర్చాయి. తాయారు కూడా వెనక బల్ల మీద కూర్చుంది, తన సంగతేమైనా తేలుతుందేమోనని.

"ఒక మాటకి అనేకార్థాలుండటం రోగం కాదండి, అది మాట ఆరోగ్యం," అని మొదలుపెట్టారాయన. నరహరిగారు "రోగం" అని రాసుకున్నారు. "ఇంగ్లీషువాడి దగ్గర మొదట ఇది బరువు వెయ్యడం. బండి మీద బరువేస్తే అదే. మనిషి మీద బాధ్యత వేస్తే అదే, నేరం వేస్తే అదే, బ్యాటరీలో కరెంటు వేస్తే అదే. ఎవరు వేశారు, ఎవరి మీద పడింది, అది చూస్తే చాలు, అర్థం దానంతటదే తెలుస్తుంది. మా శాస్త్రంలో పని చేసేవాణ్ణి ఏజెంటు అంటాం. ఆ పని ఎవరి మీద పడుతుందో వాళ్ళు పేషెంటు."

"ఉదాహరణ సెలవియ్యండి," అన్నారు రాజుగారు, నిద్ర ఆపుకుంటూ.

"ఉదాహరణకి మీరు తాయారుగారి మీద ఛార్జి మోపారు. అక్కడ మీరు ఏజెంటు, ఆవిడ పేషెంటు."

రాజుగారి నిద్ర ఎగిరిపోయింది. "ఎవరన్నారండి ఆ మాట? నా పేరున ఏ ఏజెన్సీ లేదు. మా ఆవిడ పేరున బీమా ఏజెన్సీ ఉన్నమాట నిజమే, సంస్థకి తెలియపరిచే తీసుకున్నాం."

"అది కాదండి. వ్యాకరణంలో ఏజెంటు..."

"ఎందులోనైనా ఉద్యోగి ఏజెంటుగా ఉండకూడదని కండక్టు రూల్సు," అన్నారు నరహరిగారు, రాస్తూనే. "మీ సంజాయిషీ రేపు ఇవ్వండి రాజుగారూ. ఇహ తాయారూ, నువ్వు పేషెంటువని ముందే చెప్పొద్దూ? అనారోగ్యంతో ఉన్నవాళ్ళని విచారించకూడదు. ముందు డిస్పెన్సరీకెళ్ళి ఫిట్‌నెస్ పట్రా."

"నాకే రోగమూ లేదండి."

"శాస్త్రం తెలిసినాయన చెబుతుంటే నీకేం తెలుస్తుందమ్మా?"

ప్రొఫెసరుగారు గాలిలో చేతులాడిస్తూ ఏదో చెప్పబోయారు. అప్పటికే తీర్మానం మీద సంతకాలు నడుస్తున్నాయి.

డిస్పెన్సరీ డాక్టరమ్మ తాయారు నాడి చూసింది, నాలిక చూసింది. "ఎక్కడ నొప్పి?" అంది.

"వాక్యంలో అండి."

"వాక్యంలో ఏ చోట?"

"మధ్యనండి. కర్మ దగ్గర."

డాక్టరమ్మ కూడా సంస్థ ఉద్యోగే. ఎక్కువ అడగకుండా "కర్మ తప్ప మరే దోషమూ లేదు" అని రాసి ముద్ర వేసింది.

తాయారు ఆ కాగితం పట్టుకొచ్చేసరికి విచారణ ముగిసిపోయింది. ప్రొఫెసరుగారు ఇచ్చిన నివేదిక చాలా పెద్దది. దాన్ని ఎవరూ చదవలేదు కనక ఏకగ్రీవంగా ఆమోదించారు. "ఛార్జి"ని ఏదో ఒక అర్థంలో తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలి, మిగతా అర్థాలని ఖాళీలున్న చోటికి బదిలీ చెయ్యాలి. బదిలీలంటే కౌన్సెలింగు. ఒక్కో అర్థం తరఫున దాని మనిషి రావచ్చునన్నారు.

కౌన్సెలింగు డ్రైవర్లు పడుకునే గదిలో జరిగింది. తాయారు కిటికీ దగ్గర నిలబడింది, లంక బస్సు పక్కనే ఆగి ఉంది, అబ్బులు స్టీరింగు మీద గడ్డం ఆనించుకుని తమాషా చూస్తున్నాడు.

ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు టిక్కెట్టు డబ్బుల అర్థానికి నిలబడ్డాడు. "జనం నోట్లో ఉన్నది మాదేనండి. ప్రజాదరణ చూడండి."

"సీనియారిటీ ముందు ప్రజాదరణేంటండి?" అన్నాడు ఎస్సై. లాఠీ తరఫున ఆయనే స్వయంగా వచ్చాడు. "మాది బ్రిటిషోడి కాలం నాటి సర్వీసు. ఎన్ని వీపుల మీద రికార్డు ఉందో కనుక్కోండి."

"మీరు వేరే శాఖ. మీ దరఖాస్తు తిరస్కరించడమైనది," అన్నారు నరహరిగారు.

బ్యాటరీ అర్థం తరఫున ఎలక్ట్రీషియను వైద్య కారణాలు చూపించాడు. పొద్దున్నుంచీ నీరసంగా ఉంది, పది శాతమే ఉంది, దూరం పంపితే తట్టుకోలేదన్నాడు. ఆ అర్థానికి ఖాళీ ఎక్కడుందో చూస్తే ఏజెన్సీ కొండల్లో ఒక డిపోలో ఉంది. అక్కడ కరెంటు బస్సు లేదు. కరెంటు కూడా ఉన్న రోజు ఉంటుంది. బదిలీ అయిపోయింది. ఆ క్షణం నించి అంబారుపేట కరెంటు బస్సుకి ప్లగ్గు పెడితే నియమోల్లంఘన. బస్సు షెడ్డులో నిలబడిపోయింది, దాని మీద కోళ్ళు పడుకోవడం మొదలెట్టాయి.

అన్నిటికంటే జాలిగా వచ్చింది రాజుగారు. "ఇన్ అనేదీ ఛార్జి అనేదీ ఎన్నో ఏళ్ళ కాపురమండి. భార్యాభర్తల కోటా కింద ఒక్కచోటే ఉంచండి," అని బతిమాలారు.

"పెళ్ళి సర్టిఫికెట్టు ఉందా?" అన్నారు నరహరిగారు.

లేదు. ఇద్దర్నీ విడదీశారు. ఛార్జి వెళ్ళిపోయింది, ఇన్ మిగిలింది. మర్నాడు రాజుగారి గది బయట బోర్డు మీద "డిపో మేనేజరు (ఇన్)" అని ఉంది. ఆయన గదిలో ఉన్నా లేకపోయినా ఆ బోర్డు అదే మాట చెప్పేది.

చివరకి ఛార్జిగారు టిక్కెట్టు అర్థంలో తిరిగి కొలువులో చేరారు. నేరం మోపే అర్థానికి మాత్రం ఎక్కడా ఖాళీ లేదు. దాన్ని మిగులుగా ప్రకటించి అట్టే పెట్టారు.

"అయితే నా కాగితం రద్దయిపోయినట్టేగదండి," అంది తాయారు కిటికీలోంచి.

"ఎలా రద్దవుతుందమ్మా? ఉన్నదాన్ని రద్దు చేస్తాం. నీది ఉందని చెప్పడానికి మాట లేదు."

"లేదని చెప్పండి మరి."

"ఏది లేదని చెప్పాలి?" నరహరిగారికి నిజంగానే కష్టం కలిగింది. మనిషి చెడ్డవాడు కాదు. "ఏది లేదో చెప్పాలన్నా ఆ మాటే కావాలి కదమ్మా."

"మన తెలుగులో అభియోగం అంటారు కదండి. ఆ మాటేసి కొట్టెయ్యండి."

"అభియోగం కోర్టువాళ్ళ ఉద్యోగి. ఇక్కడికి రావాలంటే డెప్యుటేషను మీద రావాలి. ఉన్న పోస్టుకి తోడు ఇంకో పని అప్పజెప్పామంటే అది మళ్ళీ ఇన్‌ఛార్జి అవుతుంది. ఇన్‌ఛార్జిలు రద్దు. రాజుగారి గతి చూశావు కదా."

అబ్బులు బస్సులోంచి తల బయటపెట్టాడు. "అక్కా, ఈళ్ళ దగ్గర బతకడం కంటే ఆ మాణిక్యమ్మ చెప్పుతో నాలుగు తినడం నయం."

"నోర్ముయ్యిరా," అంది తాయారు. కానీ ఆవిడకి మొదటిసారి భయం వేసింది. తప్పు చేశావంటే ఒప్పుకోవచ్చు, లేదంటే పోట్లాడొచ్చు. ఏమీ అనకుండా ఇంట్లో కూర్చోబెడితే ఎవరితో పోట్లాడాలి? ఒకటో తారీఖు మాత్రం ఏ మాటకోసమూ ఆగేది కాదు, నడిచొస్తోంది.

ముప్పయ్యో తారీఖు సాయంత్రం ఎండీగారు మళ్ళీ వచ్చారు. విధానాన్ని అక్షరాలా అమలు చేసినందుకు అంబారుపేటకి ఆదర్శ డిపో బహుమతి. బస్టాండులోనే షామియానా. లంక జనం బజారు పనులు ముగించుకుని తమ బస్సులో కూర్చుని ఉన్నారు. కూరగాయల బుట్టలు, పసుపు కొమ్ములు, ఎరువుల సంచులు, రేపట్నించి బస్సు రాదని తెలిసి కొన్న రెండింతల సరుకూ. మీటింగయ్యేదాకా బస్సు కదలకూడదన్నారు, శబ్దమని. ఆ రోజు రావలసిన పొరుగు కండక్టరు రాలేదు. ఎలాగూ రద్దయ్యే బస్సని పంపలేదు. తాయారు షామియానా గుంజ పట్టుకుని నిలబడింది.

ఎండీగారు లేచి ఫోను తీశారు. ఈమధ్య ఆయన ఉపన్యాసాలు ఫోన్లో చూసే చదువుతారు. "మిత్రులారా, మాటంటే..." అన్నారు. ఫోను నల్లబడింది. నొక్కారు. దులిపారు. తల పక్కకి వంచి పీఏ వంక చూసి, "మళ్ళీ ఛార్జి..." అన్నారు, మైకులోనే.

వేదిక మీద అందరూ బిగుసుకుపోయారు. ఈసారి ఎవరూ లేవలేదు. ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు ఒక్కడే, నియమప్రకారం ఆ మాట ఇప్పుడు తనది కనక, లేచి ఏడుపు గొంతుతో "పద్దెనిమిది సార్" అన్నాడు.

"నీ పద్దెనిమిది తగలెయ్య. నా ఫోనయ్యా," అన్నారు ఎండీగారు. "ఆ రోజు కూడా నేనడిగింది నా ఫోను సంగతే. ఉపన్యాసం అందులో ఉంది, సగంలో ఆగిపోతుందేమోనని మా పీఏని అడిగాను. మీరంతా ఎందుకు లేచారో నాకిప్పటికీ తెలీదు."

ఆ ముక్క మైకులో బస్టాండు నలుమూలలా పోయింది. టీకొట్టు దగ్గర గ్లాసులు ఆగాయి. ఎస్సై లాఠీ చంకలోకి తీసుకున్నాడు. ఆరు అర్థాలూ పోట్లాడుకున్న ఆ కౌన్సెలింగులో ఫోను అర్థం తరఫున ఎవరూ రాలేదని అప్పుడు గుర్తొచ్చింది నరహరిగారికి. అది ఎవరి సెక్షనూ కాదు మరి. ప్రతివాడి జేబులోనూ ఉండేదానికి సెక్షను ఉండదు.

"అయితే సార్," అన్నారు రాజుగారు మెల్లగా, "విధానం రద్దేనా సార్?"

ఎండీగారు ఆలోచించారు. వెనక బల్ల మీద బహుమతి మెరుస్తోంది. "కారణం పొరపాటే. విధానం పొరపాటని ఎవరన్నారు? ఇంత బాగా అమలు జరిగాక రద్దు చేస్తే అమలు చేసినవాళ్ళని అవమానించినట్టు."

చప్పట్లు. తాయారు ఆ చప్పట్లలోంచే వేదిక దగ్గరకొచ్చింది.

"మరి నా సంగతేంటండి?"

"ఎవరీమె? ఏమిటి ఈమె మీద?"

రాజుగారు ముందుకొచ్చారు. "ఒకటుంది సార్."

"ఒకటంటే?"

"అదే సార్. ఇదివరకు ఉండేది." రాజుగారు నరహరిగారి వంక చూశారు. నరహరిగారు షామియానా వంక చూశారు. "ఇప్పుడు కూడా ఉంది సార్. కానీ దాన్ని ఉందనడానికి లేదు."

"ఏదో ఒకటి చెప్పవయ్యా."

"చెప్పే అర్థం బదిలీ కాలేదు సార్, మిగులులో ఉంది."

తాయారు కాసేపు చూసింది. ఎండీగారి నించి రాజుగారికి, రాజుగారి నించి నరహరిగారికి, అక్కణ్ణించి షామియానాకి. ఆ తరవాత లంక బస్సు వంక చూసింది. కిటికీల నిండా ముఖాలు. చంటిపిల్లాడికి ఎవరో జామకాయ కొరికి పెడుతున్నారు. చీకటి పడితే గట్టు మీద దారి కనపడదు.

"అబ్బులూ," అంది. "స్టార్టు చెయ్యి."

"ఏవమ్మా, ఏవమ్మా, ఎవరు పొమ్మన్నారు?" అని లేచారు రాజుగారు.

"ఎవరూ అన్లేదండి. ఎవరు ఆగమంటారో మీరు చెప్పండి, ఆగుతాను. మీరు వట్టి ఇన్ను కదండి. లోపల కూర్చోవాలి. నరహరిగారి మాట మిగుల్లో ఉంది. ఎండీగారికి నా సంగతేంటో తెలీదు. ఇహ నన్ను సస్పెండు చేసినదెవరో అడుగుదామంటే అప్పుడు చేసినది ఇన్‌ఛార్జిగారు, ఆయనిప్పుడు లేరు." మెట్టెక్కి కడ్డీ పట్టుకుంది. "నాకు తెలీక అడుగుతానండి, లేని మనిషి, లేని మాటతో, లేని నేరానికి నన్ను ఆపితే, ఈ ఉన్న జనాన్ని లంకకి ఎవరు తీసుకెళ్తారు?"

రాజుగారు నరహరిగారిని అడిగారు, ఏ నియమం కింద ఆపాలని. నరహరిగారు పుస్తకం తెరిచారు. ఆయన ఇంకా వెతుకుతుండగానే బస్సు గేటు దాటింది.

ఒకటో తారీఖు లంక బస్సు వెళ్ళింది. రెండున కూడా వెళ్ళింది. తాయారు రోజూ డిపోలో కట్టే టిక్కెట్టు డబ్బుల వల్ల సొంత కండక్టరు ఉన్నట్టు రికార్డులో కనపడుతోంది కనక రద్దు నోటీసు దానంతటదే చెల్లిపోయింది. వారం తరవాత తాయారుకి మెమో వచ్చింది. బస్సులోనే విప్పి పైకి చదివింది.

"శ్రీమతి కుడుపూడి మంగతాయారు, కండక్టరు. మీపై..." ఆగింది. అక్కడ చుక్కలున్నాయి. ఒక వరసంతా చుక్కలే. "మోపడమైనది. మీ సంజాయిషీ ఇవ్వవలెను. సంతకం, ఇన్."

"చుక్కల్లో ఏముందే?" అంది ముందు సీట్లో మాణిక్యమ్మ.

"నీకు కనపడినంతే పిన్నీ."

"నేరం చెప్పకుండా ఏం రాస్తావే మరి?"

తాయారు చెవి మీంచి పెన్ను తీసింది. కింద, సరిగ్గా అంతే పొడుగున, ఒక వరస చుక్కలు పెట్టి సంతకం చేసింది. సాయంత్రం డిపోలో ఇచ్చేసింది.

నరహరిగారు ఆ రెండు వరసల్నీ చాలాసేపు పోల్చి చూశారు. ప్రశ్నలో ఏముందో అదే జవాబులో ఉంది. ఒక్క ముక్క ఎక్కువా లేదు, తక్కువా లేదు. సర్వీసులో ఇంత సూటిగా సంజాయిషీ ఇచ్చిన ఉద్యోగిని ఆయన చూడలేదు. మనస్ఫూర్తిగా అడుగున రాశారు: "సంజాయిషీ సంతృప్తికరముగా ఉన్నది. తదుపరి చర్య అనవసరము." రాజుగారు చదవకుండా సంతకం పెట్టారు.

ఆ సాయంత్రం లంక బస్సు మెట్టు మీద నిలబడి, గట్టు మీద నడిచొచ్చే చివరి మనిషిని చేయిచ్చి లోపలికి లాగి, తాయారు బస్సు ఒంటి మీద రెండు దెబ్బలు కొట్టింది.

"రైట్ రైట్," అంది.

ఆ మాటకి ఎన్ని అర్థాలున్నాయో ఇంకా ఎవరూ లెక్కపెట్టలేదు. బస్సు వెళ్ళిపోయింది.